పేతురు చెయ్యని తప్పు

ఏసేపు పనిచేసే చీనీతోట, అంటే బత్తాయి తోట నుంచి ఒక చారల పిల్లి అతని వెంటబడి ఇంటికొచ్చింది. వచ్చిన వారానికే అది కృపమణి గుడ్డముక్కల బుట్టలో మూడు పిల్లల్ని పెట్టింది. జాకెట్లు కుట్టగా మిగిలిన పట్టు పీలికలు, లైనింగు తునకలు, జరీ అంచులు ఆ బుట్ట నిండా ఉండేవి.

"సూడు, పట్టు పరుపు మీద పుట్టినాయి. మనకన్నా మేలు," అన్నాడు ఏసేపు, బుట్ట పక్కన గొంతుక్కూర్చుని.

తల్లికి మార్త అని పేరు పెట్టాడు. పిల్లలకు పేతురు, యాకోబు, యోహాను. పాస్టరు నెహెమ్యా గారికి ఈ సంగతి తెలిసి, ఆదివారం ఆరాధన అయ్యాక నిలబెట్టి అడిగారు.

"శిష్యుల పేర్లు పిల్లులకు పెడతారా ఏసేపూ?"

"వాండ్లు గూడా చేపల కోసరం తిరిగినోళ్లే గదయ్యా," అన్నాడు ఏసేపు. పాస్టరు గారు నవ్వాపుకోలేక పక్కకు తిరిగారు.

నిజానికి ఏసేపు అన్ని మాటలు మాట్లాడే మనిషి కాడు. ఇరవై ఏండ్లు బండల గనిలో పనిచేసి, నడుము చెడ్డాక, శ్రీనివాసులరెడ్డి చీనీతోటలో నీళ్లు కట్టే పనికి కుదిరాడు. ఒక్కతే కూతురు జెస్సీ పెండ్లయి నంద్యాలకు పోయాక ఇంట్లో మాటలు మరీ తక్కువైపోయాయి. పిల్లులు వచ్చాక అతనికి నోరు వచ్చింది. సాయంత్రం తోట నుంచి రాగానే పంచలో కూర్చుని, ఏ చెట్టుకు తెగులు పట్టింది, ఏ మోటరు కాలింది, రెడ్డి ఎవరి మీద కోప్పడ్డాడు, అన్నీ వాటికి చెప్పేవాడు. కృపమణి లోపల మిషను తొక్కుతూ వినేది. మొగుడు తనకు నేరుగా చెప్పని సంగతులు కూడా ఆమెకు అట్లాగే తెలిసేవి.

వేంపల్లెకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న తువ్వపల్లెలో, చర్చి వెనక వీధిలో వాళ్ల ఇల్లు. వెలుతురు కోసం కృపమణి మిషనును తలుపు దగ్గరే వేసుకుంది. పిల్లలకు నెలన్నర వచ్చేసరికి ఆ తలుపు దగ్గర కూర్చుని ఒక జాకెట్టు కుట్టడం యుద్ధమైపోయింది. ఆమె కాలితో తొక్కగానే మిషను బెల్టు తిరిగేది. దాన్ని పట్టుకోవాలని పేతురు కింది నుంచి ఎగిరేది. యాకోబుకు కొలత టేపు మీద పడి దొర్లడం ఇష్టం. కత్తిరించడానికి నేల మీద గుడ్డ పరిస్తే యోహాను దాని కిందికి దూరి నడిచేది. గుడ్డలో చిన్న గుట్ట ఒకటి అటూ ఇటూ తిరుగుతున్నట్టు ఉండేది. దారం రీలు ఎప్పుడు చూసినా వీధిలోనే. ఆమె దారాన్ని చేతికి చుట్టుకుంటూ పంచ దాటి, కాలవ దాకా పోతే అక్కడ పేతురు రీలును నాలుగు కాళ్లతో పట్టుకొని వెల్లకిలా పడుకొని ఉండేది.

"నీ ఇల్లు బంగారం గానూ," అని తిట్టేది కృపమణి. తిడుతూనే పాలగిన్నె ముందుకు జరిపేది.

కండ్లలో తేడా పిల్లులు రాకముందే మొదలైంది. ముందు ఒక మూల మసక. తర్వాత నల్ల దారాలు. తెల్ల లైనింగు గుడ్డ మీద నల్ల పోగు పడినట్టు కనిపిస్తే గోటితో తీయబోయేది. అది వచ్చేది కాదు. ఆమె చూపు ఎటు పోతే అటు జరిగేది. ఒకసారి అట్లా లేని పోగును ఏరుతుంటే, పక్కన కూర్చున్న పేతురు ఆమె వేళ్లనే చూసి, అక్కడ నిజంగా ఏదో ఉందనుకొని తనూ పంజాతో కొట్టింది. కృపమణికి నవ్వొచ్చింది. ఆ వెనకే భయమేసింది.

ఆమెకు సుగర్ ఉందని తెలిసి ఎనిమిదేండ్లు. మాత్రలు గుర్తొచ్చినప్పుడు వేసుకునేది. కండ్లకూ దానికీ సంబంధం ఉందని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్లమ్మ చివరి ఐదేండ్లు మూలన చాప మీద కూర్చుని, అడుగుల చప్పుడు వినబడినప్పుడల్లా "ఎవురూ?" అని అడుగుతూ పోయింది.

అయినా కృపమణి ఎవరికీ చెప్పలేదు. ఇరవై రెండేండ్ల కింద చర్చిలో నేర్పిస్తే నేర్చుకున్న పని. కూలికి పోయే ఇంట్లో పుట్టిన మనిషి ఆమె. ఇప్పుడు రెడ్ల ఇండ్ల ఆడవాళ్లు ఆమె గడప తొక్కి, ఆమె మంచం మీద కూర్చుని, ఆమె చెప్పిన రోజు దాకా కాచుకుంటారు. ఊర్లో జాకెట్టంటే కృపమణే కుట్టాలి. ఆ మాట పోతే తనకేం మిగులుతుందో ఆలోచించడానికి కూడా ఆమెకు ధైర్యం చాల్లేదు. సూదిలో దారం ఎక్కించడానికి వేంపల్లెలో చిన్న తీగ తెచ్చుకుంది. కొలతలు వేళ్లతో తడిమి గుర్తుపెట్టుకోవడం నేర్చుకుంది. ఎండ తలుపులోకి పడే రెండు మూడు గంటల్లోనే సన్నపని చేసుకునేది.

మొదటి అబద్ధం అంజలితో చెప్పింది. పక్క వీధిలో ఉండే అంజలి అంగన్‌వాడీలో పనిచేస్తుంది. కొత్త జాకెట్టు తొడుక్కొని చూసుకొని తిరిగొచ్చింది.

"ఏందక్కా, హుక్కులకూ కాజాలకూ పొంతన ల్యా. ఒక పక్క పైకి లేసినాది."

కృపమణి నోట్లో నుంచి ఆలోచించకుండానే వచ్చింది. "ఈ పిల్లుల్తో సస్తాండా అంజలీ. కుడ్తాంటే గుడ్డ పట్టి గుంజుతాండాయి."

అంజలి నవ్వి, పేతురును చంకకెత్తుకొని, "నువ్వేనా దొంగా?" అని దాని ముక్కు పిండి పోయింది. కృపమణి ఆ జాకెట్టు విప్పి మళ్లీ కుట్టి ఇచ్చింది. అంతటితో అయిపోయింది. ఇంత సులభమా అనిపించింది.

ఆ తర్వాత మెడ వంకర పోయినా, కుట్టు జారినా, గుడ్డ మీద నూనె మరక పడినా అన్నిటికీ పిల్లులే. వింటున్నవాళ్లు నవ్వేవాళ్లు. ఏసేపు మాత్రం నవ్వలేదు. అతను దాన్ని నిజంగా నమ్మాడు. తోట నుంచి చెక్కపలక తెచ్చి తలుపుకు అడ్డంగా కొట్టాడు. అవి దూకి వచ్చాయి. పంచలో దూలానికి తాడు కట్టి, దాని కొసకు గుడ్డ ఉండ వేలాడదీశాడు. "ఈడ ఆడుకోండప్పా. మీయమ్మను పని చేసుకోనీండి," అని వాటికి చెప్పాడు. అతను అట్లా పాట్లు పడుతున్నప్పుడు కృపమణి తల ఎత్తకుండా మిషను తొక్కింది.

మాఘంలో శ్రీనివాసులరెడ్డి కూతురు మధులత పెండ్లి కుదిరింది. రెడ్డి భార్య నాగలక్ష్మమ్మ స్వయంగా వచ్చింది. ప్రొద్దుటూరులో మగ్గం పని చేయించిన గుడ్డ తెచ్చింది. చేతుల మీద ముత్యాలతో చిలకలు, వీపు మీద పూలతీగ.

"కడపలో ఇద్దామని పిల్ల అంటాది. నేనే పడనీలా. కృపమణి చేతి జాకెట్టే తొడుక్కోవాల అంటి," అని గుడ్డ ఒడిలో పెట్టింది.

ఆ గడియలో వద్దని చెప్పి ఉండవచ్చు. కృపమణి గుడ్డ మీద చెయ్యి వేసి చూసింది. ముత్యాలు వరసగా వేళ్లకు తగిలాయి. "కుడ్తానమ్మా," అంది.

మరుసటి రోజు మధ్యాహ్నం, ఎండ లోపలికి పడే వేళకు, నేల మీద గుడ్డ పరిచి గీతలు గీసింది. పిల్లులు గోల చెయ్యలేదు. యాకోబు, యోహాను తల్లి దగ్గర ఉన్నాయి. పేతురు గడప మీద ఎండలో నిద్రపోతోంది. కృపమణి కత్తెర ఆడించింది. సగం దూరం పోయాక కంటి ముందరికి నల్లటి మరక జరిగొచ్చింది. గీత ఉండవలసిన చోటు ఆమెకు తెలుసు. చెయ్యి ఆపలేదు. టపటపమని నేల మీద ఏవో రాలిన చప్పుడు వినబడ్డాక ఆగింది. గుడ్డను మొహం దగ్గరికి తెచ్చుకొని చూస్తే, కత్తెర చిలకల మధ్య నుంచి పోయింది. ముత్యాలు బండల మీద దొర్లుతున్నాయి. ఆ చప్పుడుకు పేతురు లేచి, ఒళ్లు విరుచుకొని, ముత్యాలతో ఆడుకోవడానికి వచ్చింది.

సాయంత్రం చూడవచ్చిన నాగలక్ష్మమ్మ ముందు కృపమణి చెప్పిన మాట ఒకటే. "కత్తిరిస్తాంటే పిల్లి చేతి మీదికి దూకినాదమ్మా."

నాగలక్ష్మమ్మ కేకలు వెయ్యలేదు. తెగిన చేతి ముక్కను ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. "ఒకరి శుభకార్యం గుడ్డ పెట్టుకొని, ఇంట్లో పిల్లుల్ని ఎట్ల తిరగనిస్తివి మే?" అంది. ముక్కలన్నీ ఏరి సంచిలో వేసుకొని లేచిపోయింది.

మర్నాడు ఏసేపు మధ్యాహ్నానికే ఇంటికొచ్చాడు.

"గోనెసంచి యాడుండాది?"

"ఎందుకు?"

"పిల్లుల్ని వేంపల్లెలో ఇడిసిపెట్టొస్తా. మటన్ అంగళ్ల కాడైతే తిండికి కొదవుండదు. రెడ్డి పిలిచి చెప్పినాడు. ఇంట్లో ఆడోళ్లు ఏడ్చినారంట."

"రొన్నాళ్లు సూద్దాంలే," అంది కృపమణి.

"ఏం సూసేది? కత్తెర పట్టుకున్న చేతి మీద దూకినాదంటివి. ఈసారి నీ కంటికి తగిల్తే?"

కృపమణి గొంతు దాకా మాట వచ్చింది. మిషను మీద చెయ్యి పెట్టుకొని నిలబడింది. 

మార్త సంచిలోకి పోనని ఏసేపు మోచెయ్యి గీరింది. దాన్ని బతిమాలి లోపలికి వేశాడు. పిల్లలతో ఆ కష్టం కూడా లేదు. సంచి మూతి తెరిచి పట్టుకుంటే కొత్త ఆట అనుకొని అవే దూరాయి. ఏసేపు సంచిని మోపెడ్ ముందర పెట్టుకొని పోయాడు.

ఆ తర్వాత అతను మళ్లీ పాత మనిషైపోయాడు. తోట నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, పంచలో ఊరకే కూర్చునేవాడు. చేపల కూర చేసిన రోజు ముండ్లన్నీ పళ్లెం అంచున ఏరిపెట్టాడు. తిన్నాక వాటిని కాసేపు చూసి, లేచి దిబ్బలో వేసొచ్చాడు. కృపమణి ఇంట్లో ఇప్పుడు ఏ రీలు పెట్టిన చోట ఆ రీలు ఉంటోంది. అయినా ఆమెకు చేతికి దొరకడం లేదు.

రెండు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం ఏసేపు చేతిలో ఒక జాకెట్టు పట్టుకొని లోపలికొచ్చాడు.

"అంజలి దారిలో ఇచ్చినాది. రెండు చేతులూ ఒక పక్కవే కుట్టినావంట." దాన్ని మిషను మీద పెట్టి అట్లాగే నిలబడ్డాడు. "ఇప్పుడు పిల్లుల్లేవు గదా కృపా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అర్థం కాక అడిగినట్టే అడిగాడు. అందుకే ఆమె తట్టుకోలేకపోయింది.

"అవి ఎప్పుడూ ఏం చెయ్యలా," అంది. "నాకు కండ్లు కనపడ్డంల్యా. ఏడాది పైన అయినాది."

ఏసేపు ఆమె మొహంలోకి చూశాడు.

"రెడ్డమ్మ గుడ్డ నేనే కోసినా. పేతురు గడప మీద పండుకోనుండె."

అతను ఆమె ముందుకొచ్చి చెయ్యి పైకెత్తాడు. "వేళ్లెన్ని?"

"చెయ్యి తెలస్తాంది. వేళ్లు తెలీల్యా."

ఏసేపు నేల మీద కూలబడ్డాడు. ఫోను తీసి జెస్సీకి చేసి, "మీయమ్మను కడప ఆస్పత్రికి తీసుకపోవాల, రామ్మా," అని మాత్రం చెప్పాడు. తర్వాత లేచి మోపెడ్ తీశాడు.

"యాడికి?" అంది కృపమణి.

"పిల్లుల్ని ఎతికేదానికి."

నాలుగు రోజులు వరసగా పోయాడు. నాలుగో రోజు వచ్చి, "ఎవురో తీసుకపోయినారంట. బాగా సూసుకుంటాండారంట," అని చెప్పాడు. కృపమణికి అతని మొహం సరిగా కనపడలేదు. గొంతు మాత్రం వినబడింది. ఇరవై ఆరేండ్ల సంసారంలో ఏసేపు ఆమెతో అబద్ధం చెప్పడం ఎరగదు. అందుకే ఇప్పుడు చెబుతున్నాడని వెంటనే తెలిసిపోయింది. 

జెస్సీ వచ్చి తల్లిని కడపకు బయలుదేరదీసింది. వేంపల్లెలో బస్సు మారాలి. దిగగానే కృపమణి, "నన్ను మటన్ అంగళ్ల కాడికి పిల్చకపో," అంది. జెస్సీ ఎందుకని అడిగినా చెప్పలేదు.

మొదటి అంగడి ఖాసీం సాబుది. పిల్లుల సంగతి ఎత్తగానే అతను కత్తి పక్కన పెట్టాడు.

"ఆయప్ప మీ ఇంటాయనేనా అక్కా? తల్లిపిల్లి వచ్చిన రెండో దినమే పాయ. ఈడ కుక్కలు శానా. పిల్లల మీదికి పోతాంటే అడ్డం పడినాది. నేను కట్టె తీసుకొని పొయ్యేలోపల అయిపాయ. పాపం అనిపించి, ఆ ముళ్లకంపల కాడ గుంత తీసి పూడ్చినా."

"పిల్లలు?"

"చెదిరిపోయినాయి. మళ్ల అగపడలా. ఆయప్పకు అంతా చెప్పినా. నాలుగు దినాలూ వచ్చినాడు. అంగళ్లన్నీ తిరిగి, ఆ కంపల కాడ కూర్చోని పోయినాడు."

జెస్సీ తల్లి చెయ్యి పట్టుకుంది. కృపమణి ఆ కంపల వైపు తిరిగింది. ఎండలో తెల్లగా వెలుతురు తప్ప ఆమెకేమీ కనపడలేదు. బస్సు హారన్ వినబడితే, "పోదాం పద," అంది.

కడపలో డాక్టరమ్మ చాలాసేపు చూసింది. సుగర్ వల్ల కంటి వెనక పొర దెబ్బతిందని, కుడికన్ను ఇక రాదని, ఎడమకంటికి లేజరు చేస్తే ఉన్న కాస్త చూపు నిలుస్తుందని చెప్పింది. "ఏడాది ముందొచ్చి ఉంటే రెండూ నిలిచేవమ్మా," అంది. జెస్సీ వరండాలోకి పోయి ఏడ్చింది. కృపమణి ఒక్కటే అడిగింది.

"కుట్టచ్చా?"

"కుట్టలేరమ్మా. నడవడానికి, వంట చేసుకోవడానికి చూపుంటే చాలనుకోండి."

లేజరు అయ్యాక వారం రోజులు ఉండి జెస్సీ నంద్యాలకు పోయింది. తనతో రమ్మంటే కృపమణి రాలేదు. ఇంట్లో ఏడిండ్ల గుడ్డలు ఉండిపోయాయి. ఏసేపు సంచి పట్టుకొని ముందు నడుస్తుంటే, అతని భుజం మీద చెయ్యి వేసుకొని ఒక్కో ఇంటికి పోయింది. ప్రతి ఇంట్లోనూ గుడ్డ తిరిగిచ్చి ఒకటే చెప్పింది. పిల్లులు కాదు, నా కండ్లు. కొందరు అయ్యో అన్నారు. కొందరు ముందే చెప్పకపోతివే అన్నారు. అంజలి ఏడ్చేసింది.

నాగలక్ష్మమ్మ ఇంటికి చివర పోయారు. అప్పటికి మధులత పెండ్లయి వారం దాటింది. ఏసేపు గేటు దగ్గర ఆగిపోయాడు. కృపమణి మెట్లు తడుముకుంటూ పైకెక్కింది.

"పిల్లి కాదమ్మా. నేనే కోసినా. కండ్లు కనపడక."

నాగలక్ష్మమ్మ చేతిలో పని ఆపింది. "నీకు కనపడదని నీకు తెలుసునా, ఆ పొద్దు?"

"తెలుసమ్మా. తెలిసే కోసినా."

"ఒక్క మాట చెప్పింటే గుడ్డ ఎనక్కి తీసుకపోయిందును. నిన్నెవురేమంటారు మే?"

"ఏమనరమ్మా. కుట్టలేనని చెప్తే, ఇంగ మీ ఇంటికి నేనెవురు?"

నాగలక్ష్మమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. "పిల్ల పెండ్లికి వేరే జాకెట్టు తొడుక్కునింది. మనసులో ఆ కష్టం నాకింకా ఉండాది. లేదని చెప్పను," అంది. కృపమణి తల ఊపింది. ఆమె వెనుదిరిగితే నాగలక్ష్మమ్మ లేచి వాకిలి దాకా వచ్చింది. "నిదానంగా దిగు. మూడు మెట్లు," అని చెప్పింది.

ఇద్దరూ తోట పక్క దారిలో ఇంటికి నడిచారు. ఎండ తగ్గింది. చీనీపూల వాసన వస్తోంది. కొంత దూరం పోయాక కృపమణి అంది.

"ఖాసీం సాబు నాకంతా చెప్పినాడు."

ఏసేపు నడక ఆగిపోయింది. ఆమె చెయ్యి కింద అతని భుజం బిగుసుకుంది.

"ఆస్పత్రికి పొయ్యేదానివి, ఇంగా బాధపడ్తావని," అన్నాడు.

"నేను చేసిందాన్ని నువ్వొక్కడివే ఎందుకు మొయ్యాల? వాటిని ఇడిసిపెట్టిన పొద్దు ఏం జరిగినాదో చెప్పు. దాపెట్టకుండా చెప్పు."

 ఆమె అట్లాగే నిలబడింది. చివరికి చెప్పాడు. అంగళ్ల వెనక సంచి విప్పగానే మార్త బయటికొచ్చి అతని కాలికే ఒళ్లు రుద్దిందట. పిల్లలు ఎముకల వాసన చూస్తూ తిరుగుతుంటే అవి చూడకుండా మోపెడ్ ఎక్కాడట. ఇంజను చప్పుడుకు మూడూ వెంటబడ్డాయట, ఇంట్లో మిషను బెల్టు వెంటబడినట్టే.

"నేను జోరు పెంచినా," అన్నాడు. "అద్దంలో ఒక్కసారి సూసినా. రెండు నిలబడిపోయినాయి."

"పేతురు?"

"వాడు రోడ్డు దాకా వచ్చినాడు."

 కృపమణి ఏడుస్తూ దారిలోనే నిలబడింది. ఏసేపు కండువా తీసి ఆమె చేతికిచ్చాడు. డాక్టరమ్మ కండ్లు రుద్దుకోవద్దని చెప్పింది కాబట్టి, అది కూడా గుర్తు చేశాడు. తర్వాత ఇద్దరూ మెల్లగా ఇంటికి పోయారు.